మంకీ క్యాప్ కథ: చలి దేశానికి ఎండాకాలం బట్టలతో వెళ్ళిన సైన్యాలు

డిసెంబరు వచ్చిందంటే మన ఇళ్ళల్లో రెండు దృశ్యాలు కనిపిస్తాయి. ఒకటి, తెల్లవారుజామున మంకీ క్యాప్ పెట్టుకుని పాల ప్యాకెట్ కోసం బయల్దేరే తాతయ్య. రెండోది, జనవరి ఇన్‌టేక్‌కి అమెరికా వెళ్తున్న పిల్లల సూట్‌కేసు చుట్టూ కూర్చున్న కుటుంబం. పచ్చళ్ళు ఎన్ని కేజీలు, స్వెటర్లు ఎన్ని అని లెక్కలు. ఈ రెండిటినీ కలిపే కథ ఒకటి ఈరోజు చెప్పుకుందాం.

మంకీ క్యాప్‌ని ఇంగ్లీషులో బాలక్లావా అంటారు. నిజానికి అది ఒక ఊరి పేరు. నల్లసముద్రం ఒడ్డున, క్రిమియాలో ఉన్న చిన్న రేవు. 1854 సెప్టెంబరులో బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాలు రష్యా మీద యుద్ధానికి క్రిమియాలో దిగాయి. సెవస్తొపోల్ కోటని కొన్ని వారాల్లో పట్టేసుకుంటాం, చలి ముదిరే లోపు పని అయిపోతుంది అనుకున్నారు. కోట లొంగింది మాత్రం మరుసటి ఏడాది సెప్టెంబరులో! అంటే మధ్యలో ఒక పూర్తి చలికాలం గడపాల్సి వచ్చింది. దానికి తగ్గ బట్టలు సైనికుల దగ్గర లేవు. దిగేటప్పుడు మూటలు కూడా చాలామంది ఓడల్లోనే వదిలేసి వచ్చారు.

సరే, చలి బట్టలు ఇంగ్లండ్ నుంచి బయల్దేరాయి. చాలా భాగం 'ప్రిన్స్' అనే ఒకే ఓడలో వేశారు. ఆ ఓడ బాలక్లావా రేవు బయట లంగరు వేసుకుని ఉంది. 1854 నవంబరు 14న పెద్ద తుపాను. ఓడ కొండరాళ్ళకి కొట్టుకుని ముక్కలైపోయింది. కోట్లు, మేజోళ్ళు, కంబళ్ళు అన్నీ సముద్రం పాలు. తర్వాత వచ్చిన సరుకు కూడా రేవులో ఆగిపోయింది. రేవు నుంచి శిబిరాలకి పట్టుమని పది కిలోమీటర్లే, కానీ దారంతా మోకాలి లోతు బురద. బట్టలు ఇక్కడ, వణికేవాళ్ళు అక్కడ. ఆ యుద్ధంలో చనిపోయిన బ్రిటిష్ సైనికుల్లో ఎక్కువమందిని చంపింది తూటాలు కాదండీ, జబ్బులు.

ఈ సంగతులు టైమ్స్ పత్రికలో విలియం హోవర్డ్ రస్సెల్ రాస్తుంటే ఇంగ్లండ్‌లో జనం మండిపడ్డారు. 1855 జనవరి చివర్లో ప్రభుత్వమే పడిపోయింది. ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఉన్నితో టోపీలు, మేజోళ్ళు అల్లి పంపారు. మొహం, చెవులు, మెడ కప్పే ఆ టోపీకి తర్వాతి రోజుల్లో బాలక్లావా పేరు స్థిరపడింది. ఆ పేరు అచ్చులో కనబడేది యుద్ధం అయిన కొన్ని దశాబ్దాలకి గానీ కాదు, అది వేరే విషయం. మనం వేసుకునే కార్డిగన్ కూడా ఆ యుద్ధంలో పోరాడిన లార్డ్ కార్డిగన్ పేరు మీద వచ్చిందే.

మరి ఈ పాఠం నేర్చుకున్నారా? అరవై ఏళ్ళ తర్వాత ఏం జరిగిందో చూడండి.

1914 జులై చివర్లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. సెప్టెంబరు 26న భారతీయ సైనికులు ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో దిగారు. ఒంటి మీద మన వాతావరణానికి కుట్టిన పల్చటి నూలు ఖాకీ. అక్టోబరు చివరికల్లా బెల్జియం, ఫ్రాన్సు కందకాల్లో ఉన్నారు. కింద నీళ్ళు, పైన వాన, ఆ తర్వాత మంచు. వెచ్చటి బట్టలు విడతలు విడతలుగా, ఆలస్యంగా అందాయి. ఇండియన్ సోల్జర్స్ ఫండ్ అని ఒక నిధి పెట్టి ఉన్ని బట్టలు పంపాల్సి వచ్చింది. తడిసిన బూట్లలో గంటల తరబడి నిలబడితే పాదాలు మొద్దుబారి, వాచి, కుళ్ళిపోయేవి. దాన్నే ట్రెంచ్ ఫుట్ అన్నారు. మందు ఏమిటయ్యా అంటే, రోజూ పాదాలు తుడిచి, పొడి మేజోళ్ళు మార్చుకోవడం. అంత చిన్న విషయం!

1915 చివర్లో భారతీయ పదాతి దళాల్ని అక్కడి నుంచి మెసపొటేమియాకి తరలించారు. ఫ్రాన్సులోని నవ్ షపెల్ స్మారకం మీద ఈరోజుకీ 4,700కి పైగా భారతీయుల పేర్లు చెక్కి ఉన్నాయి. వాళ్ళందరినీ చలి చంపిందని నేను అనట్లేదు. కానీ వాళ్ళని పంపినవాళ్ళు తుపాకులు లెక్కపెట్టినంత శ్రద్ధగా మేజోళ్ళు లెక్కపెట్టలేదు అని మాత్రం అంటాను.

ఇప్పుడు మన సూట్‌కేసు దగ్గరికి వద్దాం. ప్రిన్స్ ఓడ చెప్పేది ఒకటే: వెచ్చటి బట్టలన్నీ ఒకే పెట్టెలో వెయ్యొద్దు. చెకిన్ బ్యాగు రాకపోతే? జాకెట్టు, టోపీ, గ్లౌజులు చేతి సంచిలో ఉండాలి. కందకాలు చెప్పేది ఇంకొకటి: చలి కంటే తడి ప్రమాదం. ఒంటికి తగిలే బట్ట చెమట పీల్చి పట్టి ఉంచే నూలుది కాకుండా, త్వరగా ఆరేది కావాలి. దాని మీద ఉన్ని, పైన గాలిని, నీటిని ఆపే పొర. మనం ఇక్కడ కొనే లావు స్వెటరు ఒక్కటే వేసుకుంటే గాలి దాని సందుల్లోంచి దూరిపోతుంది. బూట్లు బిగుతుగా వద్దు, మేజోళ్ళు నాలుగు జతలు ఎక్కువే పెట్టండి.

ఇక తాతయ్య మంకీ క్యాప్ చూసి పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి. దాని వెనకాల ఒక సైన్యం వణుకు ఉంది. అది కూడా సూట్‌కేసులో ఒక మూల పెట్టండి. బరువేం ఉండదు.

మరో ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.