సర్కారుకు జవాబుదారీ నేర్పిన ఊరు

బొంబాయి కామాటిపురా చాల్‌లో కాపురం పెట్టిన కొత్తలో నన్ను అబ్బురపరచినవి ఇక్కడి పెద్దల మాటలు. ఖాళీ చేయమని గోడ మీద నోటీసు పడితే మన పాలమూరులో ముందు సర్పంచి గడప తొక్కుతాం, తర్వాత ఎమ్మెల్యే గడప. ఇక్కడ బడి మొహం చూడని ముసలాయన కూడా "వకీలును పట్టండిరా, స్టే తెద్దాం" అంటాడు.

ఈ తెగువ బొంబాయికి పాతదే. 1828లో ఇక్కడి గవర్నరు జాన్ మాల్కం. 1798లో మన హైదరాబాదులో నిజాం కొలువులోని ఫ్రెంచి పటాలాన్ని విడగొట్టిన ఇంగ్లీషువాళ్లలో ఆయనొకడు. దక్కను దర్బారులన్నీ చూసిన అలాంటి మనిషికి జడ్జీల ఆజ్ఞ గిట్టలేదు. పుణెలో బంధువు చేతిలో ఉన్న మోరో రఘునాథ్ అనే కుర్రవాణ్ణి తన ముందు నిలబెట్టమని అప్పటి బొంబాయి సుప్రీంకోర్టు హెబియస్ కార్పస్ రిట్ ఇచ్చింది. అది సాగనివ్వనంది ప్రభుత్వం. తోటి జడ్జీలిద్దరూ వెంటవెంటనే చనిపోయి ఒంటరిగా మిగిలిన సర్ జాన్ పీటర్ గ్రాంట్ తలవంచలేదు. కోర్టు మాట చెల్లనప్పుడు కోర్టెందుకని 1829 ఏప్రిల్‌లో తలుపులు మూయించాడు. చివరికి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ గవర్నరు పక్షానే తేల్చింది. ఓడినా నా దృష్టిలో గ్రాంటే పెద్దమనిషి. కానీ అది తెల్లవాళ్ల కొట్లాట. ఈ ఊరికి రాళ్లెత్తిన మన కామాటీలకు అందులో పాలు లేదు.

కూలివాడి వంతు 1981లో వచ్చింది. జూలై వానల్లో ముఖ్యమంత్రి అంతులే, ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్ల గుడిసెలు పీకి వాళ్లను సొంత ఊళ్లకు పంపేయమన్నాడు. కొందరిని బస్సులెక్కించారు కూడా. పాత్రికేయురాలు ఓల్గా టెల్లిస్, సేలం నుంచి వలస వచ్చిన ఒక భూమిలేని కూలీ, మరికొందరు కోర్టుకెక్కారు. బతుకుదెరువు లాక్కోవడం ప్రాణం తీయడంతో సమానమని 1985 జూలై 10న సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, వానాకాలం పోయాక గుడిసెలు తీయవచ్చంది. ఆ రెండో మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పాలమూరు జొన్నరొట్టె గుర్తొస్తే నా గొంతు పూడుకుపోతుంది. అయినా నన్ను బస్సులో కుక్కి అక్కడికి తోలడానికి వాళ్లెవరు?

తప్పు చేసినా సర్కారుపై దావా చెల్లదన్న వాదన కూడా కంపెనీ కాలం నాటిదే. దాన్ని మనవాళ్లే గట్టి దెబ్బ కొట్టారు. 1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలుపై బాంబులు పడి ఒక ఖైదీ చనిపోయాడు, కొడుకు గాయపడ్డాడు. జైలు నడపడం సార్వభౌమాధికారమని, పరిహారం అడగరాదని ప్రభుత్వం వాదించింది. ఆ కొడుకు పేరు మీద చల్లా రామకృష్ణారెడ్డి కేసుగా పేరుపడిన ఆ దావాలో సుప్రీంకోర్టు 2000లో ఆ వాదన తోసిపుచ్చింది. ఖైదీ ప్రాణానికైనా సర్కారే పూచీ పడాలి.

అందుకే ఊళ్లోవాళ్లకు చెబుతున్నా: నోటీసు వస్తే దండం పెట్టి ఊరుకోకండి. ఏ చట్టం కింద ఇచ్చారో, మా మాట ఎప్పుడు వింటారో రాసివ్వమనండి. అలా అడగడం పొగరు కాదు, హక్కు.