కాడి 'కది' అయిన రోజులు

ఇంకాస్త దగ్గరికి జరగండర్రా, మంచు దిగుతోంది. ఆ రెండు పిడకలూ ఇటు తొయ్యి బుజ్జీ. ఇందాక నువ్వు ఫోన్లో మీ అత్తకి చకచకా తెలుగులో రాసి పంపావే, అది చూశాక నాకు పాతికేళ్ళ కిందటి సంగతి గుర్తొచ్చింది. చెబుతాను, వినండి.

2000వ సంవత్సరం. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పడం మానుకుని నాకప్పటికి రెండేళ్ళు. మీ పెదనాన్న అమెరికానుంచి ఫోన్ చేసి, "ఇక్కడ మనవాళ్ళంతా ఇంటర్నెట్లో ఒకచోట చేరి పద్యాల మీదా, పాత మాటల మీదా వాదించుకుంటున్నారు నాన్నా, మీరుండాల్సిన చోటది" అన్నాడు. ఇంట్లో కంప్యూటరు లేదు. ఆదివారం ఆదివారం బస్సెక్కి విజయవాడ గవర్నరుపేటలో ఒక నెట్ సెంటరుకి వెళ్ళేవాణ్ణి. ప్లైవుడ్డు చెక్కలతో కట్టిన అరలు, అరకో కంప్యూటరు. గంటకి నలభై రూపాయలు. అందరికీ కలిపి ఒక్కటే ఫోను లైను. పేజీ తెరుచుకునే లోపల నేను మనసులో ఒక సీసపద్యం చదువుకోగలిగేవాణ్ణి.

మీ పెదనాన్న చెప్పిన ఆ చోటుని బోర్డు అనేవాళ్ళం. ఆ బోర్డులో ఒక్కో ఉత్తరానికీ ఒక్కో పేజీ. ఒకరు రాస్తే దాని కింద కాస్త కుడికి జరిగి ఇంకొకరి జవాబు, దాని కింద ఇంకాస్త కుడికి మూడో ఆయనది. పది పదిహేను జవాబులయ్యేసరికి ఉత్తరం పేరు తెర అంచుకి చేరి, వరసకి ఒక్క మాట చొప్పున నిలువుగా వేలాడేది. ఎవరు ఎవరికి ఏం చెప్పారో తెలియాలంటే ఒక్కోటీ నొక్కడం, ఆగడం, వెనక్కి రావడం, మళ్ళీ నొక్కడం. గంటలో పది ఉత్తరాలు చదివితే గొప్ప.

ఇంతకీ తెలుగు ఎలా రాసేవాళ్ళమో చెప్పలేదు కదూ. తెరమీద మన లిపి వచ్చేది కాదు. యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకి చోటిచ్చారు కానీ మేం కూచునే కంప్యూటర్లకి ఆ సంగతి తెలియదు. కొన్ని పత్రికలు తెలుగులో కనపడేవి గానీ, ఎవరి ఫాంటు వాళ్ళది. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే అంతా పిచ్చిగీతలే. అందుకని ఉత్తరాలు ఇంగ్లీషు అక్షరాలతో రాసేవాళ్ళం. దానికో పద్ధతి ఉండేది, ఆర్.టి.ఎస్. అనేవాళ్ళం. హ్యూస్టన్‌లో రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కట్టిన పద్ధతి. చిన్న 'టీ' కొడితే త, పెద్ద 'టీ' కొడితే ట. చిన్న 'డీ' ద, పెద్ద 'డీ' డ. చిన్న 'ఎల్' ల, పెద్దది ళ. పెద్ద 'ఏ' కొడితే దీర్ఘం. ఇరవయ్యారు అక్షరాల చేత మన వర్ణమాలని దాదాపు మొత్తం పలికించారు. ఇద్దరికీ ఈనాటికీ నేను మనసులో మొక్కుకుంటాను.

ఆ బోర్డు తయారుచేసినవాళ్ళకి మాత్రం ఇదేమీ తెలియదు. ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాస్తే గట్టిగా అరుస్తున్నట్టు లెక్కట. అందుకని ఉత్తరం పేరులో పెద్దక్షరాలు ఎక్కువ కనపడితే వాటన్నిటినీ అదే చిన్నక్షరాలు చేసేసేది. డెట్రాయిట్‌లో ఉండే ఒకాయన, నరసరావుపేట పక్క పల్లెలో పుట్టి వ్యవసాయం చూస్తూ పెరిగిన మనిషి, అరక సామాన్ల గురించి ఒక మంచి ఉత్తరం రాశాడు. 'కాడి, మేడి, కర్రు' అని పేరు పెట్టాడు. తీరా బోర్డులో చూస్తే 'కది, మెది, కర్రు'! మూడింటిలో కర్రు ఒక్కటే బతికింది. ఇదేదో ఇంగ్లీషు మాటల గొడవ అనుకుని సగంమంది తెరవనే లేదు. నేను తెరిచాను. ఆయనకీ నాకూ స్నేహం అక్కడ కుదిరింది.

ఆయనకి జవాబు రాయడానికి నేను పడ్డ పాట్లు చెబితే మీరు నమ్మరు. ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టేవాణ్ణి. మా అమ్మ నోట విన్న నాగలి మాటలన్నీ గుర్తు చేసుకుంటూ ముప్పావుగంట రాసి, పంపించే బొత్తాం నొక్కాను. "మీరెవరు? మళ్ళీ పేరూ, సంకేతపదమూ చెప్పండి" అని అడిగింది. నేను నిదానంగా రాస్తున్నంతసేపూ నేను వెళ్ళిపోయాననుకుందట ఆ యంత్రం. పేరు చెప్పి వెనక్కి వస్తే పెట్టె ఖాళీ. ఒక్క ముక్క లేదు. నాలుక కొసన ఆడిన మాటలు మళ్ళీ రమ్మంటే వస్తాయా? బస్సులో కూచుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఎదుటి మనిషి నెమ్మదిగా మాట్లాడుతున్నాడని మధ్యలో లేచి తలుపేసుకునేవాళ్ళని మన ఊళ్ళో ఏమంటారు? అలాంటి పనే అది. ఆ తరవాత ఏ ఉత్తరమైనా ముందు ఇంట్లో నోటుపుస్తకంలో రాసుకుని, అక్కడ చూసి కొట్టేవాణ్ణి. ఆయన ఉత్తరాల్లో కొత్త మాట కనిపిస్తే అదే పుస్తకంలో వెనకవైపు ఎక్కించుకునేవాణ్ణి, ఊళ్ళో రైతుల్ని అడగడానికి.

తరవాత రోజులు మారాయి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగు లిపి వచ్చింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. 2006లో లేఖిని వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు కొడుతూంటే పక్కనే నిజమైన తెలుగు! మొదటిసారి 'స్త్రీ' అన్న మాట ఒత్తులన్నీ చెదరకుండా తెరమీద నిలబడ్డప్పుడు నా ఒళ్ళు జలదరించింది. డెట్రాయిట్ ఆయన ఆర్.టి.ఎస్.కి అలవాటు పడిపోయాడు, మారనన్నాడు. నేనే పట్టుబట్టాను. "మన మాటల్ని మన అక్షరాల్లో రాయండి, అప్పుడే నిలుస్తాయి" అని ఉత్తరం మీద ఉత్తరం రాసి మార్పించాను. అప్పణ్ణించి రెండేళ్ళపాటు వారానికొకటి చొప్పున తెలుగులో రాశాడు. ఎంత రాశాడర్రా! గొర్రు, గుంటక, నొగ, జడ్డిగం, పలుపు ముడులు, ఎద్దుల్ని అదిలించే కేకలు. ఒక్కో మాటకీ వెనక వాళ్ళ నాన్న చేసిన పని.

బోర్డు అప్పటికీ కుదురుగా లేదు. అది దాచుకునే పద్ధతిలో యూనికోడ్ తెలుగుకి ఒక్కో గుర్తుకీ మూడు బైట్ల చోటు కావాలి, ఇంగ్లీషుకి ఒకటి చాలు. ఉత్తరం పేరుకి ఇంత చోటని ఇంగ్లీషు లెక్కన కొలిచి పెట్టారేమో, మన పేర్లు మూడో వంతుకే తెగిపోయేవి, అదీ అక్షరం నడుమన. ఒకసారి నడిపేవాళ్ళు దాన్ని వేరే కంప్యూటరు మీదికి మార్చారు. మర్నాడు చూస్తే మన క, మ, ల ఉండాల్సిన చోటల్లా చిన్న 'ఏ' నెత్తిన ఏటవాలు గీత, పక్కన జ్వరం కొలిచే డిగ్రీ సున్న. గుండె జారిపోయింది. కానీ ఒక కుర్రాడు ధైర్యం చెప్పాడు, "ముక్కలు చెక్కు చెదరలేదు మాస్టారూ, చదివే తీరు తప్పింది, అంతే" అని. రెండు రోజుల్లో సరిచేశాడు.

డెట్రాయిట్ స్నేహితుడు 2009లో పోయాడు. ఆ తరవాతి ఏడు బోర్డుని మళ్ళీ మార్చారు. ఈసారి గీతలూ సున్నలూ కావు, అన్నీ ప్రశ్నార్థకాలే. అదే కుర్రాడికి ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడలేదు. "మార్చేటప్పుడు ఆ యంత్రం, తనకి తెలియని అక్షరం వస్తే దాని బదులు ప్రశ్నార్థకం రాసుకుని అసలుది పారేస్తుందండీ. ఇక తేలేం" అన్నాడు. పాత నకలు ఎవరూ దాచలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన పాత ఉత్తరాలన్నీ క్షేమంగా ఉన్నాయి. నేను పట్టుబట్టి తెలుగులోకి మార్పించినవే పోయాయి. వరసలు వరసలుగా ప్రశ్నార్థకాలు, మధ్య మధ్య ఆయన పెట్టిన కామాలు, చుక్కలు. మాట ఎక్కడ ఆగిందో తెలుస్తుంది, ఏం మాటో తెలియదు. దాన్ని చూస్తూ ఎన్ని రాత్రులు కూచున్నానో మీ నాయనమ్మకి తెలుసు.

బుజ్జీ, లోపల బీరువా కింద అరలో నీలం అట్ట నోటుపుస్తకం ఉంటుంది, పట్టుకురా. నీ ఫోన్ కూడా. వెనకవైపునించి తెరువు. ఆయన మాటలు నూట నలభై దాకా ఎక్కించుకున్నాను, ఇంకా ఎక్కించుకోనివి ఎన్నో. నిప్పురవ్వలు పడకుండా ఇటు తిరిగి కూచో. ఊఁ, నేను చదువుతాను, నువ్వు కొట్టు. మొదటి మాట కాడి. దీర్ఘం చూసుకో.