పెద్ద కంపెనీపైనా సొంత జిల్లాలోనే కేసు

వేలకు వేలు పోసి కొన్న ఫ్రిజ్ ఆరు నెలలకే మొరాయిస్తుంది. డీలరును అడిగితే కంపెనీకి ఫోన్ చేయమంటాడు. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే గొంతు తప్ప మనిషి దొరకడు. ప్రధాన కార్యాలయం ఎక్కడో ముంబయిలోనో, గురుగ్రామ్‌లోనో ఉంటుంది. అంత దూరం వెళ్లి ఎవరు కొట్లాడగలరని వినియోగదారుడు మిన్నకుండిపోవడం పరిపాటి అయింది. నిజానికి ఇప్పుడు అంత దూరం వెళ్లవలసిన అవసరమే లేదు.

చిన్న మొత్తాల దావాల కోసం అమెరికా వంటి దేశాలలో ప్రత్యేక న్యాయస్థానాలు ఉన్నాయి. మన దేశంలో సామాన్యునికి ఆ స్థానంలో ఉన్నది జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్. ఊళ్లలో నేటికీ దీనిని ‘ఫోరం’ అనే పిలుస్తారు. 1986 నాటి చట్టం ప్రకారం ప్రతివాది నివాసమో, శాఖా కార్యాలయమో ఉన్న చోట, లేదా వివాదానికి కారణం తలెత్తిన చోట మాత్రమే కేసు వేయవలసి వచ్చేది. 2020 జులైలో అమలులోకి వచ్చిన 2019 నాటి కొత్త చట్టం ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా జీవనోపాధికి పనిచేసే చోట కూడా ఫిర్యాదు చేసే హక్కును కల్పించింది. కంపెనీ ఎక్కడ ఉన్నా సమాధానం చెప్పుకొనేందుకు మన జిల్లాకే రావాలి. కొత్తగా ఏర్పడిన జిల్లాలన్నింటికీ వేర్వేరు కమిషన్లు లేవు కనుక తమ మండలం ఏ కమిషన్ పరిధిలోకి వస్తుందో ముందుగా విచారించుకోవడం మంచిది.

ఐదు లక్షల వరకు రుసుము లేదు

వస్తువుకు గానీ, సేవకు గానీ చెల్లించిన సొమ్ము రూ.50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయాలి. ఇక్కడ చాలామంది పొరబడుతుంటారు. లెక్కలోకి తీసుకునేది కోరే నష్టపరిహారాన్ని కాదు, చెల్లించిన ధరను మాత్రమే. బీమా విషయంలో కట్టిన ప్రీమియమే ఆ ధర. చెల్లించిన ధర రూ.5 లక్షలు దాటకపోతే దరఖాస్తు రుసుము ఏమీ ఉండదు. రూ.10 లక్షల వరకు రూ.200, రూ.20 లక్షల వరకు రూ.400, రూ.50 లక్షల వరకు రూ.1,000 చెల్లించాలి. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. ఫిర్యాదుదారు స్వయంగా వాదించుకోవచ్చు. వీడియో ద్వారా విచారణకు హాజరు కావడానికి అనుమతి కోరే వీలును కూడా చట్టం కల్పించింది.

వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు గానీ ఆ భరోసాతో కూర్చోవడం తగదు. కస్టమర్ కేర్ వారు ‘పై అధికారులకు పంపాము’ అని చెబుతూ నెలలు దొర్లించినంత మాత్రాన గడువు ఆగదు.

కాగితమే సాక్షి

కేసు నిలిచేదీ, వీగేదీ కాగితాల మీదనే. బిల్లు, వారంటీ కార్డు, సర్వీసు మనిషి ఇచ్చిన జాబ్ షీటు, ఫిర్యాదు సంఖ్య, బ్యాంకు చెల్లింపు వివరం, ఈమెయిళ్లు, వాట్సప్ సందేశాలు అన్నింటినీ తేదీల వారీగా భద్రపరచుకోవాలి. ఫోన్‌లో మాట్లాడి ఊరుకోకుండా ప్రతి విషయాన్నీ రాతపూర్వకంగా తెలియజేయడం ఉత్తమం. బిల్లు అడిగితే ‘జీఎస్టీ పడుతుంది, ఎందుకులెండి’ అనే దుకాణదారులు ఉన్నారు. ఆ మాటకు తలూపిన నాడే సగం కేసు పోయినట్లు. అసలు బిల్లు ఇవ్వకపోవడాన్నే చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తోంది. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని గోడకు వేలాడదీసే బోర్డు కూడా లోపమున్న వస్తువు విషయంలో చెల్లదు. బిల్లులో గడువు రాసి లేకపోతే 30 రోజుల లోపు తెచ్చిన లోపభూయిష్టమైన వస్తువును వాపసు తీసుకోవలసిందే.

కేసు వేసే ముందు డీలరుకూ, తయారీ కంపెనీకీ నోటీసు పంపి, పదిహేను రోజుల గడువు ఇవ్వడం ఆనవాయితీ. స్పీడ్‌పోస్టు రసీదును దాచుకోవాలి. ఫిర్యాదులో ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. ఒకరినే చేర్చితే తప్పు రెండోవారిదని తప్పించుకొనే అవకాశం ఉంటుంది. జరిగినది తేదీలతో క్లుప్తంగా రాసి, ఏమి కోరుతున్నదీ స్పష్టంగా పేర్కొని, అఫిడవిట్‌నూ, పత్రాల ప్రతులనూ జతచేయాలి. 2025 జనవరి 1న ప్రారంభమైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు.

నోటీసు అందగానే కొన్ని కంపెనీలు రాజీకి వస్తాయి. రాజీ మంచిదే. సొమ్ము చేతికి అందక ముందే ‘ఇక ఎలాంటి బాకీ లేదు’ అనే కాగితంపై సంతకం చేయడం మాత్రం మంచిది కాదు.

రైతులు గెలిచిన కేసు

వ్యవసాయం వ్యాపారమేనని, విత్తనాలు కొన్న రైతు వినియోగదారుడు కాడని కంపెనీలు ఏళ్ల తరబడి వాదించాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు విత్తనాలు మొలకెత్తక, పంట చేతికి రాక నష్టపోయి జిల్లా ఫోరాలను ఆశ్రయించారు. ఆ కేసులు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ అప్పీలుపై సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2012 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానం రైతుల పక్షానే తీర్పు చెప్పింది. విత్తనాల చట్టం ఉన్నా వినియోగదారుల చట్టం కింద పరిహారం కోరవచ్చని, ఒప్పందంలో మధ్యవర్తిత్వ నిబంధన ఉన్నా అది అడ్డు కాదని తేల్చింది. పరీక్షకు పంపేందుకు విత్తనాలు మిగల్చలేదన్న వాదననూ తోసిపుచ్చింది. విత్తనాలు నాసిరకంగా ఉంటాయని ముందే ఊహించి రైతు కొన్నింటిని పక్కన పెట్టుకోవాలనడం సమంజసం కాదన్నది న్యాయస్థానం అభిప్రాయం.

అయినా రైతులు విత్తన సంచిని, దానిపై లాట్ నంబరు ఉన్న ట్యాగును పారవేయరాదు. మొలక రాకపోయినా, పూత నిలవకపోయినా వెంటనే మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా తెలిపి, పొలాన్ని పరిశీలింపజేసి నివేదిక పొందాలి. పొలం దున్నేసిన తరువాత ఏ అధికారీ ఏమీ చెప్పలేడు.

గడువులు, అసలు సంగతి

ప్రతివాది నోటీసు అందిన 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. మరో 15 రోజులు పొడిగించవచ్చు. 45 రోజులు దాటితే స్వీకరించరాదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. కంపెనీ హాజరు కాకపోతే ఏకపక్షంగా తీర్పు వెలువడుతుంది. కేసును మూడు నెలలలో, వస్తువును పరీక్షకు పంపవలసి వస్తే ఐదు నెలలలో ముగించాలన్నది చట్టం మాట. ఆచరణలో వాయిదాల మీద వాయిదాలు పడి ఏళ్లు గడిచిన కేసులూ ఉన్నాయి. ఈ సంగతి తెలిసే రంగంలోకి దిగాలి.

తీర్పుపై 45 రోజులలో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు. అయితే సొమ్ము చెల్లించాలని ఆదేశం పొందిన కంపెనీ అందులో సగం ముందుగా జమ చేస్తేనే అప్పీలును స్వీకరిస్తారు. కేవలం కాలయాపన కోసం అప్పీలు చేసే వారికి ఇది కళ్లెం. అప్పీలు లేకుండా, సొమ్మూ చెల్లించకుండా మొండికేస్తే అమలు పిటిషన్ వేయాలి. ఆదేశాన్ని ధిక్కరిస్తే నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా రూ.25 వేల నుంచి రూ.లక్ష వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

కేసుకు ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. కొన్ని వివాదాలు అక్కడే సమసిపోతాయి. న్యాయవాది సాయం కావలసిన వారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది.