ఱొమ్మున వ్రేలిన శ్రమ

శౌర్యమునకు రణభూమి యొక్కటియే పుట్టినిల్లని తలచిన రాజ్యములు పెక్కులు గలవు గాని, కొలిమి ముందు నిలిచినవానికిని, పొలము దున్నినవానికిని ఱొమ్మున పతకము తగిలింపవలెనన్న పట్టుదల సోవియట్ రాజ్యమునకు ఉన్నంతగా మఱియొకదానికి ఉండినట్లు నాకు తోఁపదు. 1938 డిసెంబరు 27వ తేదీన 'శ్రమశౌర్య', 'శ్రమవిశిష్టత' పతకములును, 'సామ్యవాద శ్రమవీరుఁడు' అను బిరుదమును ఒక్కనాఁడే వెలసినవి. అందు శ్రమశౌర్య పతకమును వెండితో చేసి, నడుమ ఎఱ్ఱని మీనాపని నక్షత్రము నిలిపి, ఆ దేశమున శ్రమ గౌరవకార్యమను మాటను వెనుకవైపున ముద్రించిరి.

1944 జూలై 8న తల్లుల వంతు వచ్చెను. అయిదుగురు బిడ్డలను కని పెంచినవారితో ఈ గౌరవము మొదలై, పదుగురి తల్లికి 'మాతృవీర' బిరుదముతో ముగిసెను. పుత్రపౌత్రాభివృద్ధి నాశీర్వదించుట మనకును తెలిసినదే గాని, ఆ దీవెనకు తరగతులేర్పఱచి పతకములు పోయించినది యుద్ధమున అసంఖ్యాకులను పోఁగొట్టుకొన్న ఆ ప్రభుత్వము.

1945లో జర్మనీపై విజయమునకై సైనికుల కిచ్చిన పతకము ఇత్తడిది. కర్మాగారములయందును క్షేత్రములయందును పాటుపడినవారికై జూన్ 6న నెలకొల్పినది రాగిది. రెంటిమీఁదను స్టాలిన్ ముఖమే. ఈ రాగి పతకమును పొందినవారు సుమారు 1 కోటి 60 లక్షలమంది.

ఇట్టి పతకముల సంగ్రహణమునకు 'ఫలెరిస్టిక్స్' అను పేరు రోమక సైనికులు ధరించిన బిళ్లల పేరునుండి వచ్చినది. సోవియట్ కాలమున పతకముల విక్రయము నేరము. 1991లో రాజ్యము కూలిన పిమ్మట మాస్కోలోని ఇజ్మాయిలొవో సంతలో అవి బల్లలకెక్కినవి, రష్యా శిక్షాస్మృతి నేఁటికిని ఆ బేరమును నిషేధించుచున్నను. సంగ్రాహకుని తూనిక వేఱు. రాజ్యము కోట్లమందికి పంచినది వానికి చౌక. 1943కు పూర్వపు త్రికోణపు తగులుతో, వెనుక సంఖ్యతో దొరకిన శ్రమశౌర్య పతకము వానికి నిధి.

నా దృష్టిలో నిజమైన నిధి ఆ చౌక రాగి పతకముతోపాటిచ్చిన చిన్న పుస్తకము. గ్రహీత పేరు, తండ్రి పేరు, ఇచ్చిన తేదీ అందు సిరాతో వ్రాసియుండును. అది వేఱై, ఇది వేఱై సంతకు చేరినచో, ఆ రాగిబిళ్ల ఎవరి ఱొమ్మున వ్రేలెనో చెప్పుటకు దానిపై ఒక్క అంకెయైనను లేదు.