వీథి నడుమ ఆడుకొను హక్కు

జీడిమెట్ల నుండి నన్ను చూడవచ్చిన బంధువులు, డెల్ఫ్ట్ పట్టణమున ఇండ్లనడుమ వీథిలో పిల్లలు చెండాడుచుండగా వచ్చిన కారు వారి వెనుక మెల్లగా సాగుటను చూచి, హాలండువారు స్వభావముచేతనే శాంతులని తలంతురు. ఈ శాంతిని ఒక తరమునకు చెందిన తలిదండ్రులు దుఃఖముతోను, పోరాటముతోను గడించిరని నా దేశవాసులకు చెప్పవలెనని చాలకాలముగా నా కోరిక.

రెండవ ప్రపంచయుద్ధానంతరము ఈ దేశమున సంపద పెరిగినకొలది కార్లును పెరుగగా, వానికై కాలువలు పూడ్చిరి, పాత యిండ్లు కూల్చిరి, సైకిళ్ల త్రోవలు కుదించిరి. 1971లో రహదారులపై 3,200 మందికి పైగా మరణించిరి; వారిలో 400 మందికి మించి పిల్లలే. అట్లు కూతురిని పోగొట్టుకొన్న విక్ లంగెన్‌హోఫ్ అను పాత్రికేయుడు 1972లో ‘డె టైడ్’ పత్రికలో వ్రాసిన వ్యాసమునుండి, ‘శిశుహత్య నాపుడు’ అను పేరుగల ఉద్యమము పుట్టినది. మార్తయె వాన్ పుటెన్ అను యువతి దానికి తొలి అధ్యక్షురాలు. ఉద్యమకారులు వీథుల కడ్డముగా నిలిచిరి. ప్రధానమంత్రి యింటికి పోయి పాటలు పాడి రక్షణ కోరిరి. అమ్‌స్టర్‌డాం నగరపు డె పైప్ పేటలో బాలబాలికలే తమ ఆటకు వీథి నిమ్మని అడిగిరి. ఆ బాలలను తలచినపుడెల్ల నాకు గౌరవము కలుగును.

ఈ ఉద్యమమునకు కొంచెము ముందే, 1960ల చివర, డెల్ఫ్ట్ నగరపాలక ఇంజనీరు యోస్ట్ వాల్, నగరరచనాకారుడగు నీక్ దె బూర్ భావనను నేలపై రూపొందింప నారంభించెను. వోనెర్ఫ్ అనబడు ఆ వీథిలో కాలిబాటకును బండిబాటకును నడుమ నుండు గట్టును తొలగించి, ఈ గోడనుండి ఆ గోడవరకు ఒకే మట్టమున ఇటుకలు పరచిరి. ఎదురుగా కనుచూపుమేర తిన్నని దారి లేకుండ చెట్లను, బల్లలను, కార్లు నిలుపు చోట్లను ఇటునటు అమర్చిరి. ప్రవేశద్వారమును ఇరుకు చేసిరి. వంకరగా పోవలసిన చోదకుడు, ఏ పలక హెచ్చరింపకున్నను, తనంతట వేగము తగ్గించును. 1976లో ప్రభుత్వము దీనిని శాసనబద్ధము గావించినది. పాదచారులు వీథి యంతటను నడువవచ్చును, పిల్లలు ఆడవచ్చును. వాహనము మనిషి నడకవేగమును మించరాదు, గుర్తించిన చోటనే నిలువవలెను. పాదచారియు నిష్కారణముగా బండి నడ్డగింపరాదు. ఇట్టి నిర్మాణము వ్యయసాధ్యమగుటచే, 1983 నుండి గంటకు 30 కిలోమీటర్ల మేర విధించిన ప్రాంతములు పెరిగినవి. జర్మనీ 1980లోనే వోనెర్ఫ్ పద్ధతి ననుసరించినది.

మన హైదరాబాదు నగరమునను ఇట్టి ప్రయత్నములు లేకపోలేదు. 2015లో ఐటీ సంస్థల ప్రాంతమున గురువారము కారు విడువవలెనని ప్రచారము చేసిరి; 2021లో ట్యాంక్‌బండ్‌ను ఆదివారపు సాయంకాలములందు వాహనరహితము గావించిరి. జనులు కుటుంబములతో తరలివచ్చిరి. అయినను అవి విశాలమైన రాజమార్గములు, నియమిత దినములు. జీడిమెట్ల చేరువనున్న షాపూర్‌నగర్, చింతల్ కాలనీల సందులలో ముగ్గులు, కూరగాయల బండ్లు, క్రికెట్టు, వినాయక మండపములు ఎల్లప్పుడును నడివీథిననే యున్నవి. కాలిబాట యెరుగని ఆ సందులలో జనులును బండ్లును ఇదివరకే కలిసి నడచుచున్నారు. లోపించినది నడచువానికి శాసనమిచ్చు ప్రథమస్థానము, బండివేగమును అడ్డగించు నిర్మాణము. ప్రమాదము జరిగిన మరునాడు కాలనీవారు తామే సిమెంటుతో పోయు స్పీడ్ బ్రేకరు, ఆ లోపమునకు తలిదండ్రులు వెదకుకొన్న ఏకైక ఉపాయము.

కావున కాలనీ సంక్షేమ సంఘముల పెద్దలకు నా విన్నపము: లారీలు తిరుగని ఒక్క సందును మీరు ఎన్నుకొనుడు, అందలి తల్లులను, పిల్లలను వెంటబెట్టుకొని నగరపాలక ఇంజనీరులను దర్శింపుడు, దానిని వోనెర్ఫ్ రీతిగా మార్చి యిమ్మని వ్రాతపూర్వకముగ కోరుడు.