కరగిపోయిన లాభము: గణకయంత్రముల కథ

గుంటూరు మిరప యార్డునందును, పత్తి మిల్లులందును నేఁడు లెక్కలు కంప్యూటరు మీఁదనే నడచుచున్నవి. ఆ గణకయంత్రమును చేయువాఁడును, అమ్మువాఁడును మునుపటి లాభమును నేఁడు గడింపలేకున్నారు. అట్లేల జరిగెనో విన్నవించెదను.

1967వ సంవత్సరమున హైదరాబాదులో ఈ.సి.ఐ.ఎల్. అను ప్రభుత్వసంస్థ వెలసెను. దాని స్థాపకులు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు. 1969లో టి.డి.సి.-12 అను యంత్రము వెలువడెను. మన దేశమున తయారైన తొలి గణకయంత్రములలో నది యొకటి. విదేశీయుల వాటాను నూటికి 40కి తగ్గింపవలెనని మన ప్రభుత్వము పట్టుపట్టఁగా, అమెరికావారి ఐ.బి.ఎం. సంస్థ సమ్మతింపక 1978లో దేశము విడిచెను. దిగుమతి సుంకము కోటగోడవలె నుండెను. కొనువారో, ప్రభుత్వశాఖలు, పరిశోధనాలయములు, పెద్ద కర్మాగారములు. అట్టిచోట అమ్మువాఁడు చెప్పినదే వెల.

1981లో ఐ.బి.ఎం. వారు అమెరికాలో నొక చిన్న కంప్యూటరును అమ్మకమునకుఁ దెచ్చిరి. దాని మెదడువంటి చిప్పు ఇంటెల్ వారిది. దానిని నడపు ఆజ్ఞావళి మైక్రోసాఫ్ట్ వారిది. ఆ రెండును ఎవరికైనను దొరకుటచే పదుగురు అట్టి యంత్రమునే కూర్చి తక్కువ వెల కమ్మిరి. ఇచ్చట 1984లో దిగుమతి నిబంధనలు సడలెను. 1997లో మన దేశము చేరిన అంతర్జాతీయపు టొడంబడికచే 2005 నాఁటికి సుంకము తొలఁగెను. గోడ కూలెను.

ఊర నొక్కటే జిన్నింగు మిల్లున్నచో యజమాని యడిగినదే కూలి. పది మిల్లులు లేచినచో? దూది యొక్కటే, పని యొక్కటే. తగ్గింపఁదగినది వెల మాత్రమే. అయితే ఎందఱు పత్తి వేసినను విత్తనము గుత్తగా నమ్మువాని రాబడి తఱుగదు. 2006లో ప్రభుత్వము 450 గ్రాముల బీటీ విత్తనపు సంచిని 750 రూపాయలకు దింపకమునుపు మీరా రుచి నెఱిఁగినవారే. కంప్యూటరునం దా విత్తనదారుల స్థానము ఇంటెల్, మైక్రోసాఫ్ట్ వారిది. పెట్టె బిగించువారికి మిగిలినది పొట్టు. తుదకు ఐ.బి.ఎం. వారే 2005లో ఆ వ్యాపారమును చైనావారి లెనోవో సంస్థకు విక్రయించిరి!

మన హైదరాబాదు సంస్థ అణువిద్యుత్కేంద్రముల యంత్రసామగ్రిని గూడ చేయుచున్నది. ఎన్నికలలో మీరు మీట నొక్కు యంత్రములను చేయువారు ఈ సంస్థయు, బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థయు మాత్రమే. అచ్చట చేయువా రిద్దఱే. బజారు పోటీ లేదు.

చిక్కెల్ల మన పట్టణములలో అప్పుచేసి దుకాణములు తెఱచిన రైతుబిడ్డలది. కంప్యూటరు నమ్మిన మిగులునది స్వల్పము. మరమ్మతులు, ప్రింటర్లకు సిరా నింపుట, సీసీ కెమెరాలు బిగించుట, వీనివలననే వారి యిండ్లలో పొయ్యి వెలుగుచున్నది.