హైదరాబాదులో కార్యాలయ ప్రాంగణాల ఆవరణ పునర్నిర్మాణం

పాతబడిన కార్యాలయ సముదాయాల చుట్టూ ఉన్న ఖాళీ స్థలాన్ని నీడ, నడక, వాననీటి నిల్వ, ఉద్యోగుల విశ్రాంతి వంటి అవసరాలకు తగినట్లు మార్చటాన్ని ఆవరణ పునర్నిర్మాణం అంటారు. భవనాన్ని అలాగే ఉంచి దాని పరిసరాలను మాత్రమే మార్చటం ఇందులో ఒక పద్ధతి. భవనాన్ని కూడా కూల్చి ప్రాంగణాన్ని మొత్తంగా తిరిగి రూపొందించటం మరొకటి. రంగారెడ్డి జిల్లాలోని రాజేంద్రనగర్, శంషాబాద్ ప్రాంతాలలో ఈ విషయానికి అదనపు ప్రాముఖ్యం ఉన్నది. ఇక్కడి భూమిలో కొంత భాగం హిమాయత్‌సాగర్ జలాశయపు పరీవాహక ప్రాంతంలోకి వస్తుంది.

నేపథ్యం

ఊరికి దూరంగా, విశాలమైన పచ్చికల నడుమ కార్యాలయాలు కట్టే పద్ధతి 20వ శతాబ్దం మధ్యలో అమెరికాలో వ్యాపించింది. 1957లో కనెటికట్ రాష్ట్రంలోని బ్లూమ్‌ఫీల్డ్‌లో ఒక బీమా సంస్థ కట్టించిన ప్రాంగణం ఈ కోవలో పేరుపొందింది. దాని లోపలి ముంగిళ్ళను శిల్పి ఇసాము నొగుచి రూపొందించాడు. న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో 1962లో ప్రారంభమైన బెల్ ప్రయోగశాల భవనం కొంతకాలం ఖాళీగా పడి ఉన్న తరువాత, 2013లో చేతులు మారి, 'బెల్ వర్క్స్' పేరుతో కార్యాలయాలు, దుకాణాలు, గ్రంథాలయం గల బహిరంగ స్థలంగా మారింది. చుట్టూ ఉన్న భూమిలో కొంత ఇళ్ళ నిర్మాణానికి పోయింది. పాత కార్యాలయ ప్రాంగణాలను తిరిగి వాడుకోవటానికి ఉదాహరణగా దీనిని తరచు పేర్కొంటారు.

హైదరాబాదులో

రాజేంద్రనగర్‌లోని సంస్థలు ఇంతకంటే భిన్నమైన మార్గంలో వచ్చినవి. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇక్కడ ఏర్పడింది. 1958లో ముస్సోరీలో మొదలైన సామాజికాభివృద్ధి సంస్థ 1965లో ఇక్కడకు తరలివచ్చి, 1977లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ అయింది. తక్కువ ఎత్తు భవనాలు, చెట్ల వరుసలు, వెడల్పాటి దారులు ఆ కాలపు ప్రాంగణాల లక్షణాలు. ఈ సంస్థలో 1999లో 65 ఎకరాలలో నెలకొల్పిన గ్రామీణ సాంకేతిక పార్కులో మట్టి ఇటుకల వంటి స్థానిక సామగ్రితో కట్టిన నమూనా ఇళ్ళను చూడవచ్చు.

తరువాతి తరం ప్రాంగణాలు మాదాపూర్ వైపు వచ్చాయి. సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించాడు. ఆ ప్రాంతపు గ్రానైటు గుట్టలు చాలావరకు పేల్చివేతకు గురయ్యాయి. కోట్ల సంవత్సరాల నాటి రాతిని తొలగించి, ఆ చోట సిమెంటు కుండీలలో మొక్కలు పెట్టటం ఆనాటి రూపకల్పనలోని పెద్ద లోపంగా చెప్పవచ్చు. ఆ కట్టడాల ఆయుష్షు కూడా దీర్ఘం కాలేదు. 2023 సెప్టెంబరు 23న మాదాపూర్‌లోని మైండ్‌స్పేస్ ప్రాంగణంలో రెండు భవనాలను, కొత్తవాటికి చోటు కల్పించటానికి, పేలుడు పదార్థాలతో క్షణాలలో నేలమట్టం చేశారు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ కొండాపూర్ సమీపంలోని సీఐఐ - సొహ్రాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రం. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్ రూపొందించిన ఈ భవనాన్ని 2004 జూలై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించాడు. అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనం ఇదే. పైకప్పులో సగానికి పైగా మొక్కలతో కప్పబడి ఉన్నది. వాడిన నీటిని మొక్కల వేళ్ళ ద్వారా శుద్ధిచేసి తోటకే మళ్ళిస్తారు. ఇది కొత్తగా కట్టినదే అయినా, ఇందులోని పద్ధతులలో చాలావాటిని పాత ప్రాంగణాలకు కూడా అన్వయించవచ్చు.

నీరు

హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. అందులో ఎక్కువ భాగం జూన్ - అక్టోబరు నెలల మధ్యనే. ఒక ఎకరం సిమెంటు నేలపై 10 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 40 వేల లీటర్ల నీరు చేరుతుంది. నేల ఇంకించుకోలేకపోతే అదంతా కాలువల పాలవుతుంది. అందువలన వాహనాలు నిలిపే స్థలాన్ని తగ్గించటం, మిగిలిన చోట గడ్డి మొలిచే రంధ్రాల దిమ్మెలు పరచటం, పల్లపు చోట ఇంకుడు గుంతలు తవ్వటం పునర్నిర్మాణంలో మొదటి పనులు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా) వాననీటి సంరక్షణకు చట్టబద్ధత కల్పించింది.

1908 మూసీ వరదల తరువాత నిర్మించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల రక్షణకు 1996 మార్చి 8న జీవో 111 జారీ అయింది. దీని ప్రకారం జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో పరిశ్రమలు, పెద్ద నిర్మాణాలపై ఆంక్షలు ఉండేవి. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా ప్రభుత్వం వీటిలో ముఖ్యమైనవాటిని తొలగించింది. ప్రాంగణాల నేల ఎంత నీటిని ఇంకించుకుంటుందన్న ప్రశ్న దీనితో మరింత ముఖ్యమైంది.

మొక్కల ఎంపిక

పాత ప్రాంగణాలలో ఎక్కువ నీరు తాగేది పచ్చిక. కొనుక్కొచ్చి పరిచే బెర్ముడా గడ్డి వృక్షశాస్త్రం ప్రకారం మన గరికే. పొలంలో కలుపుగా పీకేసే దానినే ఇక్కడ రోజూ నీళ్ళు పోసి పెంచుతారు. పచ్చిక విస్తీర్ణాన్ని తగ్గించి వేప, కానుగ, నేరేడు, పొగడ, రేల వంటి చెట్లనూ, తంగేడు వంటి పొదలనూ పెంచితే నీటి ఖర్చు తగ్గి నీడ పెరుగుతుంది. త్వరగా పెరుగుతుందని విరివిగా నాటిన కొనోకార్పస్‌ను ఆరోగ్య, పర్యావరణ కారణాలతో తెలంగాణ ప్రభుత్వం 2022లో నిషేధించింది.

శంషాబాద్ పరిసరాలలో ఈ జాబితా యథాతథంగా పనికిరాదు. రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చి 23 నుండి పనిచేస్తున్నది. పండ్లు కాసే మర్రి, రావి, నేరేడు పక్షులను ఆకర్షించి విమానాలకు ప్రమాదం కలిగిస్తాయి. విమానాశ్రయాల చుట్టూ ఎత్తుకు సంబంధించిన 1994 నాటి కేంద్ర నియమాలు భవనాలతో పాటు చెట్లకూ వర్తిస్తాయి. కనుక రన్‌వే దారికి దగ్గరలోని కార్యాలయాలలో పొట్టి పొదలకు, పండ్లు కాయని చెట్లకు ప్రాధాన్యం ఇవ్వవలసి ఉంటుంది.

వివాదాలు

కొత్త కార్యాలయాలకు పచ్చని భూములను వాడటంపై నిరసనలు జరిగాయి. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలకు చెందిన 100 ఎకరాలను కొత్త హైకోర్టు భవనానికి కేటాయించినపుడు 2024 జనవరిలో విద్యార్థులు ఆందోళన చేశారు. ఆ విశ్వవిద్యాలయాల పరిశోధన క్షేత్రాలు, తోటలు తగ్గిపోతాయన్నది వారి అభ్యంతరం. అదే సంవత్సరం మార్చి 27న అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి డి.వై.చంద్రచూడ్ ఆ భవనానికి శంకుస్థాపన చేశాడు. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలను ఐటీ పార్కుల కోసం చదును చేయటాన్ని 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నిలిపివేసింది.